ఎంత గాలికి అంత డీజిల్

వానాకాలం నాట్ల రోజుల్లో బాన్సువాడ చుట్టుపక్కల ఏ ఊరి పొలాల్లోకి వెళ్ళినా నిజాంసాగర్ కాలువ నీళ్ళు మడుల్లో నిండి ఉంటాయి. కేజ్‌వీల్స్ తగిలించుకున్న ట్రాక్టర్లు బురదలో కరిగెట చేస్తుంటాయి. వాటిలో ఒకటో రెండో సైలెన్సర్ గొట్టం నుంచి నల్లగా, దట్టంగా పొగ వదులుతుంటాయి. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళలో చాలామందికి ఆ పొగ ముచ్చటగానే ఉంటుంది. పొగ ఎంత కొడితే బండి అంత గుంజుతున్నట్టు లెక్క. పక్క పొలం ట్రాక్టర్ కంటే తనది వెనకబడిందని అనిపించిన రైతు సీజన్‌కు ముందు మెకానిక్ దగ్గరికి వెళ్ళి అడిగే మాట కూడా అదే: "జర పంపు పెంచు."

ఆ నల్లపొగలో ఉన్నది సగం కాలి మిగిలిన బొగ్గు. రైతు పైసలు పెట్టి కొన్న డీజిల్‌లో కొంత ఏ పనీ చేయకుండానే గొట్టంలోంచి బయటికి పోతోందన్నమాట. అలాగని పంపు పెంచితే హార్స్‌పవర్ పెరుగుతుందన్న మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. కొంత మేరకు నిజంగానే పెరుగుతుంది. ఎక్కడి దాకా పెరుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, అలా ఆగడానికి కారణమేమిటన్నది లెక్క వేసి చూస్తే తేలిపోతుంది. ఆ లెక్కకు పెద్ద చదువులు అక్కర్లేదు, కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

వేగం మీద మోజుతో కార్లకు మార్పులు చేయించుకునేవాళ్ళలోనూ ఇదే నమ్మకం ఉంది. ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే టర్బో ఉన్న పెట్రోలు కారు కొంటారు, పవర్ చాలదనుకుంటారు, ట్యాంకులో ఉన్న ఫ్యూయల్ పంపు తీసేసి పెద్దది వేయిస్తారు. ఈ సరదా ఉన్నవాళ్ళలో ప్రపంచమంతటా పేరున్న పంపు ఒకటుంది, వాల్‌బ్రో వారి 255. గంటకు 255 లీటర్ల పెట్రోలు తోడగలదని ఆ అంకెకు అర్థం. దాన్ని తెచ్చి మామూలు కారులో బిగించి స్టార్ట్ చేస్తే పవర్ ఎంత పెరుగుతుంది? ఏమీ పెరగదు. ఒక్క హార్స్‌పవర్ కూడా.

పెట్రోలు కారులో పంపు చేసేది సరఫరా పని మాత్రమే. ట్యాంకులోంచి పెట్రోలు తోడి, ఇంజెక్టర్ల దగ్గర ఒక నిర్ణీత ఒత్తిడి నిలిచేలా చూడటంతో దాని బాధ్యత తీరిపోతుంది. ఎంత పెట్రోలు లోపలికి వెళ్ళాలో నిర్ణయించేది కారులో ఉండే కంప్యూటర్. అది ఇంజిన్‌లోకి వస్తున్న గాలిని సెన్సర్‌తో కొలుస్తుంది. ఆ గాలికి సరిపడా పెట్రోలు పడేలా ఇంజెక్టర్‌ను సెకనులో కొన్ని వెయ్యో వంతుల కాలం తెరిచి మూసేస్తుంది. పంపు ఎక్కువ తోడితే ఆ ఎక్కువ పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటర్ దగ్గర పక్కకు మళ్ళి, తిరిగి ట్యాంకులోకి పోతుంది. గాలి పెరగలేదు కాబట్టి ఇంజెక్టర్ తెరిచి ఉంచే కాలమూ పెరగదు.

మరి అంతమంది పెద్ద పంపు ఎందుకు వేయించుకుంటున్నారు? కొందరికి మాత్రం అది నిజంగా అవసరం. వాళ్ళు అంతకుముందే గాలి పెంచుకున్నవాళ్ళు. పెట్రోలు టర్బో ఇంజిన్ ఫుల్ త్రాటిల్ మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు పావు కిలో పెట్రోలు తాగుతుంది. 115 హార్స్‌పవర్ ఉన్న చిన్న టర్బో కారుకు గంటకు 29 కిలోలు, అంటే దాదాపు 38 లీటర్లు కావాలి. కంపెనీ వేసిన పంపు దీనికి, ఇంకాస్త ఎక్కువకూ సరిపోతుంది. అదే ఇంజిన్‌కు పెద్ద టర్బో బిగించి, కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్‌ను బాగా పెంచారనుకోండి. 300 హార్స్‌పవర్ అయితే గంటకు 75 కిలోలు, సుమారు 100 లీటర్లు కావాలి.

పైగా టర్బో ఎక్కువ గాలి నెడుతున్నప్పుడు ఇంజెక్టర్ అవతలి వైపు కూడా ఒత్తిడి పెరుగుతుంది. ఆ గాలి ఒత్తిడి, అంటే బూస్ట్, ఒక బార్ పెరిగితే ఇవతల పెట్రోలు ఒత్తిడినీ ఒక బార్ పెంచాలి, లేకపోతే ఇంజెక్టర్‌లోంచి రావలసినంత రాదు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ పంపు తోడే పరిమాణం తగ్గుతూ వస్తుంది. 255 అన్న అంకె సుమారు 3 బార్ దగ్గర చెప్పే మాట. నాలుగున్నర బార్ దగ్గర అదే పంపు అంత ఇవ్వదు. దానికి తోడు వైరింగ్ పాతబడి పంపు దగ్గరికి పదమూడున్నర వోల్టుల బదులు పన్నెండే చేరుతుంటే ఇంకా తగ్గుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ పంపు మార్చే ముందు లైనులో ప్రెషర్ గేజ్ పెట్టి, ఫుల్ లోడ్ మీద ముల్లు పడిపోతోందా లేదా అని చూస్తాడు. ముల్లు నిలకడగా ఉంటే పంపు మార్చాల్సిన పనే లేదు.

ముల్లు పడిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే సిలిండర్‌లో మిశ్రమం పలచబడుతుంది. ఫుల్ లోడ్ మీద అలా పలచబడితే అది తన వంతు రాకముందే భగ్గుమంటుంది, పిస్టన్ తలమీద వేడి అదుపు తప్పుతుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమలోహం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. పవర్ పెంచిన కారులో పెద్ద పంపు కాపాడేది ఈ పిస్టన్‌ను. పవర్ తెచ్చేది టర్బో, అంటే గాలి.

పెట్రోలు గురించి ఇంకొక్క ముక్క చెప్పి ట్రాక్టర్ దగ్గరికి వస్తాను. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. చెరకు నుంచి, మక్కల నుంచి, బియ్యం నుంచి తీసేదే. కిలో పెట్రోలు కాలితే సుమారు 44 మెగాజౌళ్ళ శక్తి వస్తుంది, కిలో ఇథనాల్‌కు వచ్చేది దాదాపు 27. అందువల్ల అదే పవర్‌కు లీటర్లు కొంచెం ఎక్కువ పోయాలి. ఈ20 వరకు ఆ తేడా ఆరేడు శాతం, మామూలు కారు పంపు మోయగలిగినంతే. ఇథనాల్ 85 శాతం దాకా ఉండే ఇంధనం వాడే రేసు కార్లలో అవసరం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. వాళ్ళు పంపు, ఇంజెక్టర్లు రెండూ మార్చక తప్పదు.

డీజిల్ ట్రాక్టర్ సంగతి వేరు. ఇక్కడ పంపే తూకం వేస్తుంది. ఎప్పుడు పోయాలో, ఎంత పోయాలో, రెండూ దాని చేతిలోనే ఉంటాయి. కాబట్టి పంపు పెంచితే ఇంజిన్‌లోకి వెళ్ళే డీజిల్ నిజంగానే పెరుగుతుంది. బాన్సువాడ రైతు మాటలో ఉన్న నిజం ఇదే.

ఆ తూకం పని ఎంత కష్టమైనదో తెలియాలంటే రుడాల్ఫ్ డీజిల్ కాలానికి వెళ్ళాలి. 1897లో ఆయన ఇంజిన్ విజయవంతంగా నడిచినప్పుడు డీజిల్‌ను సిలిండర్‌లోకి కొట్టడానికి పంపు లేదు. బాగా బిగించిన గాలితో ఊదేవారు. అందుకు వేరే కంప్రెసర్, గాలి సీసాలు కావాలి. ఓడకూ కర్మాగారానికీ అది సరిపోయింది కానీ బండి మీదికి ఎక్కే సరుకు కాదు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో చిన్న ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజిన్ లారీల్లోకి, ట్రాక్టర్లలోకి దిగింది. మన దేశంలో 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ మొదలైంది. దాని పొట్టి పేరే మైకో. ఆ కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా, పాత మెకానిక్‌ల నోట ఈనాటికీ అది మైకో పంపే, మైకో నాజిలే.

ఆ పంపు లోపల ఏముందో చూద్దాం. సిలిండర్‌కు ఒకటి చొప్పున వేలంత ఉక్కు కడ్డీలు వరుసగా ఉంటాయి, వాటిని ప్లంజర్లు అంటారు. ఒక్కో ప్లంజర్ ఒక బ్యారెల్‌లో కిందికీ మీదికీ కదులుతుంది. ప్లంజర్, బ్యారెల్ కలిపితే ఎలిమెంట్. రెంటి మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి ఆ సందు అందులో ఇరవయ్యో వంతు. రబ్బరు సీళ్ళు ఏమీ ఉండవు, ఆ బిగుతే సీలు. అంత సన్నగా అరగదీసిన జత కాబట్టి ఒక ప్లంజర్ తీసి ఇంకో బ్యారెల్‌లో వేయకూడదు.

కామ్ తిరిగినప్పుడల్లా ప్లంజర్ మీదికి లేచే ఎత్తు ఎప్పుడూ ఒకటే. మరి యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ ఎలా పెరుగుతోంది? ప్లంజర్ తలకు ఒక పక్క ఏటవాలుగా గాడి కోసి ఉంటుంది. ప్లంజర్ లేస్తూ లేస్తూ ఆ గాడి బ్యారెల్‌కు ఉన్న చిన్న రంధ్రానికి ఎదురైన క్షణంలో డీజిల్ ఆ దారిన వెనక్కి జారిపోతుంది, నాజిల్‌కు వెళ్ళడం ఆగిపోతుంది. ప్లంజర్‌ను తన చుట్టూ తాను కొంచెం తిప్పితే గాడి రంధ్రానికి కొంచెం ఆలస్యంగా ఎదురవుతుంది, ఆ మేరకు ఎక్కువ డీజిల్ వెళుతుంది. అన్ని ప్లంజర్లనూ ఒకేసారి తిప్పేది పళ్ళున్న ఒక కడ్డీ, దాని పేరు ర్యాక్. ర్యాక్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది గవర్నర్. ఇంజిన్ మీద బరువు పడి స్పీడు తగ్గగానే అది ర్యాక్‌ను ముందుకు తోస్తుంది. ర్యాక్ ఒక హద్దు దాటి వెళ్ళకుండా ఆపే ఒక స్క్రూ ఉంటుంది, దానిమీద కంపెనీ సీలు వేసి పంపుతుంది. "పంపు పెంచడం" అంటే చాలాచోట్ల జరిగేది ఆ సీలు తెంపి స్క్రూ తిప్పడమే. ఇంత నాజూకైన యంత్రాన్ని ఒక స్పానర్‌తో, కొలత లేకుండా, చెవితో విని సవరించడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక లెక్క. మన వైపు పొలాల్లో తెలియనివాళ్ళు లేని మహీంద్రా 575 డీఐ తీసుకుందాం. 45 హార్స్‌పవర్, నాలుగు సిలిండర్లు, 2730 సీసీ, నిమిషానికి 1900 చుట్లు. టర్బో లేని డీజిల్ ఇంజిన్ ఫుల్ లోడ్ మీద హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 190 గ్రాముల డీజిల్ కాలుస్తుంది. 45 హార్స్‌పవర్‌కు ఎనిమిదిన్నర కిలోలు, అంటే దాదాపు 10 లీటర్లు. రోజూ పొలంలో ఇంత కాలదు, అస్తమానం ఫుల్ లోడ్ ఉండదు కనుక. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి ఒక్కో సిలిండర్‌లో డీజిల్ పడుతుంది. నిమిషానికి 950 సార్లు, నాలుగు సిలిండర్లకు 3800 సార్లు, గంటకు 2 లక్షల 28 వేల సార్లు. పది లీటర్లను అన్నిసార్లకు పంచితే ఒక్కోసారి పడేది 44 ఘన మిల్లీమీటర్లు. ఒక నీటిబొట్టు కంటే కాస్త తక్కువ. దాన్ని సుమారు 200 బార్ ఒత్తిడి మీద, సెకనులో 500వ వంతు కాలంలో, నాజిల్‌కున్న సన్నటి రంధ్రాల గుండా పొగమంచులా చిమ్మాలి. గంటకు రెండు లక్షల సార్లు, నాలుగు సిలిండర్లకూ సమానంగా!

గాలి సంగతి చూద్దాం. 2730 సీసీ ఇంజిన్ రెండు చుట్లకు మహా అయితే 2.73 లీటర్ల గాలి పీలుస్తుంది. వాల్వులు, గొట్టాలు, ఎయిర్ క్లీనర్ అడ్డం ఉండటం వల్ల అందులో 85 శాతం లోపలికి చేరుతుందనుకుందాం. నిమిషానికి 2200 లీటర్లు. 35 డిగ్రీల వేడిలో వెయ్యి లీటర్ల గాలి బరువు సుమారు 1.15 కిలోలు. అంటే నిమిషానికి రెండున్నర కిలోలు, గంటకు 150 కిలోలకు పైన. ఎనిమిదిన్నర కిలోల డీజిల్‌కు 152 కిలోల గాలి. ఒక పాలు డీజిల్‌కు 18 పాళ్ళ గాలి.

ఈ 18 అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. రసాయన శాస్త్రం ప్రకారం ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. అయితే ఆ లెక్క డీజిల్, గాలి ముందే కలిసిపోయి ఉంటే చెల్లుతుంది. డీజిల్ ఇంజిన్‌లో డీజిల్ చివరి క్షణంలో పడుతుంది, గాలిలో కలవడానికి దానికి దొరికే సమయం కంటిరెప్పపాటు కూడా ఉండదు. ఒక మూల డీజిల్ ఎక్కువై గాలి చాలదు, ఇంకో మూల గాలి వృథాగా మిగిలిపోతుంది. అందుకే ఎక్స్‌ట్రా గాలి ఉండి తీరాలి. డీజిల్ ఒక పాలుకు గాలి సుమారు 18 పాళ్ళ కంటే తగ్గిందంటే కంటికి కనిపించే పొగ మొదలవుతుంది. ఇంజిన్ తయారుచేసేవాళ్ళు దీన్ని పొగ హద్దు అంటారు. మన లెక్కలో 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ కంపెనీ సెట్టింగ్‌లోనే, సీలు తెంపకముందే, ఆ హద్దు మీద నిలబడి ఉంది. ఈ ఇంజిన్‌లో పొగ రాకుండా ఇంకా డీజిల్ కాల్చుకోగల గాలి మిగిలి లేదు.

ఇప్పుడు స్క్రూ తిప్పి డీజిల్ ఇరవై శాతం పెంచారనుకోండి. 8.5 కిలోలు 10.2 అవుతాయి. గాలి మాత్రం అదే 152. నిష్పత్తి 15కు పడిపోతుంది. పొయ్యిలో సందు లేకుండా కట్టెలు కుక్కితే మంట పెరగక పొగ పెరిగినట్టే ఇక్కడా జరుగుతుంది. గాలి దొరికిన డీజిల్ కొంత కాలి, కొంత పవర్ కూడా వస్తుంది. డ్రైవర్‌కు తేడా తెలుస్తుంది, అందుకే ఈ నమ్మకం ఇన్నేళ్ళుగా నిలబడింది. అయితే ఇరవై శాతం డీజిల్‌కు ఇరవై శాతం పవర్ రాదు. మిగతాది పొగ, మసి, వేడి.

వేడి అన్నది తేలిగ్గా తీసుకునే మాట కాదు. గంటకు ఎనిమిదిన్నర కిలోల డీజిల్ అంటే లోపలికి వెళుతున్నది 100 కిలోవాట్ల శక్తి. షాఫ్ట్ మీద పనిగా బయటికి వచ్చేది 33 కిలోవాట్లు, అంటే 45 హార్స్‌పవర్. మిగతా మూడింట రెండు వంతులు రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా బయటికి పోవలసిందే. కంపెనీ రేడియేటర్‌ను, హెడ్ గ్యాస్కెట్‌ను, పిస్టన్ రింగులను ఆ లెక్క పెట్టుకునే తయారుచేసింది. డీజిల్ పెరిగితే వేడి పెరుగుతుంది, వాల్వులు, పిస్టన్ తల దాన్ని మోయాలి. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. ఈ నష్టం సీజన్‌లో కనిపించదు, ఆ తర్వాత ఇంజిన్ బోరుకు వచ్చినప్పుడు బయటపడుతుంది.

పొలంలో ఇంకో ప్రమాదమూ ఉంది, దీన్ని మాత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. కరిగెటలో ట్రాక్టర్ ఆగిపోవడానికి చాలాసార్లు కారణం పవర్ తక్కువ కావడం కాదు, చక్రానికి పట్టు దొరక్కపోవడం. బురదలో చక్రం జారుతుంటే ఇంజిన్ పవర్ ఎంత పెంచినా ఆ జారడమే పెరుగుతుంది. వెనక చక్రాలు పూర్తిగా దిగబడి తిరగలేని స్థితిలో గేర్ వేసి రేజ్ చేస్తే, చక్రాన్ని తిప్పలేని టార్క్ ఇరుసు చుట్టూ ట్రాక్టర్‌నే తిప్పబోతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. బండి వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు, డ్రైవర్‌కు క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. దిగబడ్డ ట్రాక్టర్‌ను చక్రాల చుట్టూ బురద తీసి రివర్స్‌లో తేవడం, లేదా ఇంకో బండితో గుంజించడమే దారి. పంపు పెంచిన బండితో పంతానికి పోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

అలాగని రైతు ఫిర్యాదు ఉత్తిది కాదు. బండి నిజంగానే మునుపటిలా గుంజకపోవచ్చు. తగ్గిన పవర్ ఎక్కడ పోయిందో వెతకడంలోనే మెకానిక్ పనితనం ఉంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది గాలి. యాసంగి కోతల్లో దుమ్ము తిన్న ఎయిర్ క్లీనర్‌ను కడగకుండా వానాకాలానికి బండి దింపితే ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. పొగ నల్లబడుతుంది, పవర్ తగ్గుతుంది. దానికి పంపు పెంచడమంటే గాలి చాలని ఇంజిన్‌కు ఇంకా డీజిల్ పోయడమే. ఎండాకాలం పగటిపూట కొంత పవర్ తగ్గడం మాత్రం ఎవరి తప్పూ కాదు. 43 డిగ్రీల గాలి 25 డిగ్రీల గాలి కంటే దాదాపు ఆరు శాతం తేలిక, ఇంజిన్‌కు ఆ మేరకు ఆక్సిజన్ తక్కువే అందుతుంది.

ఆ తర్వాత డీజిల్ దారి. ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపుకు డీజిల్ అందించే ఫీడ్ పంపు, మధ్యలో ఫిల్టర్లు. ఫిల్టర్ మూసుకుపోతే, ఏదో ఒక వాషర్ దగ్గర గాలి పీల్చుకుంటే ఇంజిన్ లోడ్ మీద తడబడుతుంది. "ఎయిర్ పట్టింది" అని మెకానిక్‌లు అనేది దీన్నే. బోల్టు వదులు చేసి చేతిపంపు కొట్టి బుడగలు పోయేదాకా డీజిల్ వదిలితే చాలాసార్లు బండి చక్కబడుతుంది. డీజిల్ ఎలా తెస్తున్నామన్నది కూడా ముఖ్యం. మూతలేని డబ్బాల్లో తెచ్చి పొలం గట్టు మీద పోసే డీజిల్‌లో దుమ్ము, నీటిచుక్కలు ఉంటాయి. మూడు మైక్రాన్ల సందులోకి ఐదు మైక్రాన్ల ఇసుక రేణువు దూరితే ఆ ఎలిమెంట్ గీతలు పడి లీకవుతుంది. ప్లంజర్‌కు వేరే ఆయిల్ ఉండదు, డీజిలే దాని కందెన. ఎవరైనా చవకని కిరోసిన్ కలిపితే ఆ జిడ్డు తగ్గి అరుగుదల ఇంకా పెరుగుతుంది.

చివరిగా పంపు, నాజిళ్ళు. అనుమానం ఇక్కడ ఉంటే పంపును విప్పి బెంచ్ మీద పెట్టాలి. డీజిల్ పంపులు బాగుచేసే మంచి షాపులో కాలిబ్రేషన్ బెంచ్ ఉంటుంది. పంపును దాని మీద బిగించి మోటారుతో తిప్పుతారు. నాలుగు గొట్టాలూ నాలుగు గాజు గొట్టాల్లోకి డీజిల్ వదులుతాయి. ఒక్కోసారికి 44 ఘన మిల్లీమీటర్లు కంటికి కనిపించే కొలత కాదు కాబట్టి వెయ్యి స్ట్రోకులు లెక్కపెట్టి ఆపేస్తారు. గాజు మీద 44 సీసీ దగ్గర గీత తేలుతుంది. ఆ నాలుగు గీతలూ ఒకే ఎత్తున ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష. ఒకదానిలో 38, ఇంకోదానిలో 50 ఉన్నా మొత్తం కలిపితే దాదాపు అంతే వస్తుంది. కానీ 50 పడే సిలిండర్ పొగ కక్కుతుంటుంది, 38 పడేది తన వంతు పని పూర్తిగా చేయదు, ఇంజిన్ వణుకుతుంటుంది. నాలుగింటినీ సమం చేస్తే డీజిల్ ఒక్క చుక్క పెంచకుండా పోయిన పవర్ తిరిగి వస్తుంది, పొగ తగ్గుతుంది. నాజిళ్ళను చేతి టెస్టర్ మీద పెట్టి చూస్తే ఏ నాజిల్ నుంచి తుంపర సమంగా వస్తోందో, ఏది చుక్కలు కారుస్తోందో కంటితోనే తెలుస్తుంది. కారే నాజిల్ నల్లపొగకు పెద్ద కారణం. తుంపరకు దగ్గరగా చెయ్యి మాత్రం పెట్టకూడదు, 200 బార్ మీద వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

నిజంగానే ఎక్కువ పవర్ కావాలంటే గాలి పెంచే ఇంజిన్ తీసుకోవాలి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు తీసుకున్న టర్బో ఈ పనికే పుట్టింది. బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, దానితో లోపలికి ఎక్కువ గాలి నెడుతుంది. టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్ల మెకానికల్ పంపుల మీద చాలావాటికి ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముచ్చటైన భాగం అదే. దాని లోపల ఒక పలచటి రబ్బరు పొర, ఒక స్ప్రింగు. టర్బో దగ్గరి నుంచి ఒక సన్నటి గొట్టం వచ్చి ఆ పొర మీద గాలి ఒత్తిడిని చూపిస్తుంది. టర్బో ఇంకా వేగం అందుకోనప్పుడు గాలి తక్కువ, పొర కదలదు, ర్యాక్ ముందుకు వెళ్ళకుండా అడ్డు ఉంటుంది. డ్రైవర్ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా డీజిల్ పెరగదు. గాలి ఒత్తిడి పెరగగానే పొర స్ప్రింగును నొక్కి అడ్డు తీస్తుంది, అప్పుడు ర్యాక్ ముందుకు జరుగుతుంది. కంప్యూటర్ లేదు, కరెంటు లేదు. గాలి వచ్చినంతకే డీజిల్ వెళుతుంది.

50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లలో ఈ పని ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ చేస్తున్నాయి. 2023 జనవరి 1 నుంచి వాటికి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వర్తిస్తున్నాయి, దాంతో కామన్‌రైల్ పంపులు వచ్చాయి. అక్కడ తిప్పడానికి స్క్రూ లేదు. కంప్యూటర్ గాలిని అంచనా వేసి, పొగ హద్దు దాటకుండా డీజిల్‌కు పై పరిమితి పెడుతుంది. ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి పవర్ పెంచుతామనేవాళ్ళు ముందుగా చేయి పెట్టేది ఆ పరిమితి మీదే. ఎలా పెంచినా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, కంపెనీ వారంటీ కూడా పోతుంది.

బాన్సువాడ పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువ భాగం 50 హార్స్‌పవర్ లోపువే. వాటి సీలు, స్క్రూ ఇంకా మెకానిక్ చేతిలోనే ఉన్నాయి. ఈ సీజన్‌కు పంపు విప్పించే రైతు ఒక్క పని చేయాలి. బెంచ్ మీద విప్పకముందు నాలుగు లైన్లలో ఎంతెంత వచ్చిందో, సవరించాక ఎంతెంత వచ్చిందో ఆ ఎనిమిది అంకెలూ కాగితం మీద రాయించుకుని, తేదీ వేయించి, ట్రాక్టర్ పత్రాలతో పాటు దాచుకోవాలి. వచ్చే ఏడు బండి మళ్ళీ గుంజడం లేదనిపిస్తే, లోపం పంపులో ఉందో, గాలిలో ఉందో, నాజిల్లో ఉందో ఆ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే సగం తేలిపోతుంది.